పాత పెట్టెలో వదినతో వ్యాజ్యం

నమోదు 1

కొత్త ఆట పెట్టెల్లోకి వ్యాజ్యాల మార్పిడి పూర్తయ్యేదాకా గుమస్తా, అంటే నేను, నమోదు రాస్తూ ఉండాలని కమిటీ తీర్మానించింది. రెండు పుస్తకాలు పెట్టాను. ఒకటి కమిటీ చదవడానికి, ఒకటి జరిగింది రాసుకోవడానికి. ఇది రెండోది. మొదటి దాంట్లో ఇవాళ "మార్పిడి ఉత్సాహంగా ప్రారంభమైంది" అని రాశాను. నిజానికి ప్రారంభమైనవి నా తుమ్ములు. కార్డులు పెట్టే డబ్బా తెరిచి, ఎనభై ఏళ్ల దుమ్ము తుడిచేసరికి మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు.

పదిహేను కార్డులు, వాటిలో రెండొందల పన్నెండు వ్యాజ్యాలు. మా దక్షిణ డోములో ఎవరికి ఎవరితో తగువొచ్చినా ఆట పెట్టె ముందే తేలాలి. మా పెద్దలు భూమి వదిలినప్పుడు, ఓడలో బరువులు లెక్కేసినవాళ్లు ఒక జడ్జీ సంసారం కన్నా పద్నాలుగు ఆట పెట్టెలే తేలికని తేల్చారట. తగువు పడ్డ ఇద్దరూ వారానికో గంట దాని తెర ముందు పక్కపక్కన కూర్చుని "రెండు గట్లు" ఆడతారు. మధ్యలో కాలవ, అటో పొలం, ఇటో పొలం, ఇద్దరికీ కలిపి ఒకటే తూము. ముందుగా గాదెలో వంద బస్తాలు నింపినవాళ్లదే న్యాయం. గంట కాగానే ఆట ఎక్కడిదాకా వచ్చిందో కార్డులో దాచి, ముద్ర కొట్టి, ఇళ్లకి పంపుతాను. నాట్లెప్పుడో, కోతలెప్పుడో మా డోములో అందరికీ కంఠతా వచ్చు. వరి మొక్కని కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

భూమ్మీద మా ముత్తాతలు శనిదోషం పోవాలని నువ్వుల నూనెతో అభిషేకాలు చేయించేవారట. వాళ్ల సంతానం వచ్చి శనిగ్రహం గుమ్మంలోనే, దాని చందమామ టైటాన్ మీద కాపురం పెట్టింది. ఇంకెవరికి మొక్కుకుంటాం?

నమోదు 3

భూమి నుంచి వచ్చిన సరుకుల ఓడలో కొత్త పెట్టెలు మూడు వచ్చాయి. నల్లగా, సన్నగా, చూడ్డానికి బాగానే ఉన్నాయి. పాత కార్డుని పక్క రంధ్రంలో పెట్టాలి, అందులో దాచిన ఆటని, అంటే సేవ్‌ని, ఎంచుకోవాలి, లోపలికి పంపాలి, "భద్రపరచబడింది" అని తెర మీద వచ్చేదాకా నాలుగు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడాలి. తర్వాత ముద్ర.

ఇవాళ్టికి నూట నలభై అయ్యాయి. ఒకటైనా తెరిచి చూస్తే బాగుంటుందేమోనని అధ్యక్షుడు పానకాలరావు గారిని అడిగాను.

"ఇందీవరమ్మా, వాదీ ప్రతివాదీ పక్కన లేకుండా ఫైలు తెరిస్తే తారుమారు చేసినట్టే. ఎనభై ఏళ్లలో ఒక్కసారి జరగలేదు. నీ హయాంలోనే జరగాలా?"

"పోనీ ఎవరో ఒక ఇద్దర్ని పిలిచి తెరిపిద్దామండీ."

"వాయిదా లేని రోజున ఇద్దర్నీ ఒక గదిలో పెడితే కొట్టుకు ఛస్తారు. లెక్క సరిపోయిందా లేదా, అది చూసుకో చాలు."

నాకో హయాం ఉందని ఇవాళే తెలిసింది. లెక్క చూసుకున్నాను.

నమోదు 6

రెండొందల పన్నెండూ ఎక్కాయి. కమిటీ పుస్తకంలో "ఒక్కటీ పోలేదు" అని రాసి కింద గీత కూడా గీశాను.

పాత పెట్టెల్ని కొలిమికి పంపారు. గాలి తలుపులకి బందులు అరిగిపోయాయట, ఈ లోహం పనికొస్తుందట. పద్నాలుగు ఉండాల్సినవి పదమూడే దొరికాయి. పద్నాలుగోది ఏమైందని అడిగితే అందరూ పైకప్పు కేసి చూశారు. పానకాలరావు గారు చిన్న ఉపన్యాసం ఇచ్చారు. పాతవాటిని పట్టుకుని వేలాడకూడదన్నారు. ఆయన అన్న సమయానికి ఆయన ఒంటి మీద ఉన్నది వాళ్ల నాన్నగారి కోటు.

నమోదు 8, మంగళవారం

కొత్త పెట్టెల మీద మొట్టమొదటి వాయిదా ఇవాళ తొమ్మిది గంటలకి. అది నాదే.

పదకొండేళ్ల క్రితం మా అన్నయ్య మంచు తవ్వకంలో పోయాడు. మా డోముకి ఉన్నది ఒకటే కిటికీ. దాని ముందు కూర్చోవడానికి ఇంటికి వారానికో గంట వంతు. మా ఇంటి వంతు శుక్రవారం. అది మా నాన్న నుంచి వచ్చింది కాబట్టి నాదని నేనన్నాను. మొగుడి నుంచి వచ్చింది కాబట్టి తనదని మా వదిన రత్నావళి అంది, అని ఊరుకోకుండా ఫిర్యాదు పెట్టింది. తేలేదాకా శుక్రవారం ఆ గంట కిటికీకి తెర వేసి ఉంచుతారు. వారానికో గంట కోసం వారానికో గంట చొప్పున పదకొండేళ్లుగా కొట్లాడుతున్నాం. ఇంతా చేసి ఆ కిటికీలోంచి కనిపించేది నారింజరంగు మసక. దానికి ఇటు పక్క, అటు పక్క కూడా ఏమీ లేదు.

నా వ్యాజ్యానికి నేనే సాక్షిని కాకూడదు కనక పానకాలరావు గారు వచ్చి వెనకాల కూర్చున్నారు. వదిన డోము బయట వేసుకునే సూట్లకి అతుకులు వేసే పని మీంచి నేరుగా వచ్చింది. చేతికి జిగురు.

"ఏవిటే అమ్మాయ్, మొహం అలా వేలాడేశావ్? కొత్త పెట్టె చూసి జడుసుకున్నావా?"

"నేనెందుకు జడుసుకుంటాను వదినా? నీ గాదెలో ఎలకలున్నాయి కదా, అవి జడుసుకుని ఉంటాయి."

"ఎలకలకేం, అవి నీ గాదెలోకి రమ్మన్నా రావు. తినడానికేదైనా ఉంటే కదా!"

కార్డు పెట్టాను, మా సేవ్ ఎంచాను, నొక్కాను. తెర మీద చక్కటి అక్షరాల్లో ఇలా వచ్చింది: "ఈ ఆట పాత తరం పెట్టెలో మాత్రమే నడుస్తుంది. మీ సేవ్ ఇక్కడ భద్రంగా ఉంది. ఆడాలంటే దాన్ని మళ్లీ పాత కార్డులోకి పంపి, పాత పెట్టెలో తెరవండి."

మూడు పెట్టెల్లోనూ చూశాను. మూడూ ఎంతో మర్యాదగా అదే చెప్పాయి. పెట్టెలతో వచ్చిన వివరాల పుస్తకం అరవై ఒకటో పేజీలో, అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, పాత సేవ్‌లు ఇందులో దాచుకోవడానికి మాత్రమేనట. ఆ పేజీ చదవకుండా ముద్రలు కొట్టింది నేనే. రెండొందల పన్నెండు ముద్రలు.

వదిన తెర కేసి చూసింది, నా కేసి చూసింది. జిగురు చెయ్యి చీరకి తుడుచుకుని వెళ్లిపోయింది.

నమోదు 9

కమిటీ సమావేశం. సంభాషణ పూర్తిగా ఇదీ:

"దాచడం దాచాం కదా?"

"దాచామండీ."

"పోలేదు కదా?"

"పోలేదండీ."

"మరింకేమిటి గొడవ?"

తెరవలేమండీ అన్నాను. కమిటీ చాలాసేపు ఆలోచించి, వ్యాజ్యాలు గతంలో కన్నా ఇప్పుడే ఎక్కువ భద్రంగా ఉన్నాయని తీర్మానించింది. కాదనలేను. నేనే కాదు, ఎవరూ వాటి జోలికి పోలేరు.

నమోదు 12

గొడవేమిటో ఇక్కడైనా రాసుకోవాలి.

ఉత్తర డోములో సూట్లు కుట్టే మనిషి లేదు. వాళ్లు ఏటా మా వదిన కావాలని అడుగుతారు. మంచు బండిలో నాలుగు రోజుల ప్రయాణం, వెళ్లినవాళ్లు తిరిగొచ్చింది నేనెరగను. అయితే వ్యాజ్యం నడుస్తున్న మనిషిని డోము మార్చకూడదని నియమం. తొమ్మిదేళ్లుగా ప్రతి ఏడూ జాబితాలో వదిన పేరు రాయడం, "వ్యాజ్యం ఉంది" అని పక్కన రాసి ఆ పేరు నేను కొట్టేయడం మామూలైపోయింది.

మొదటి రెండేళ్లూ మేం నిజంగానే కొట్లాడుకున్నాం. అబద్ధమెందుకు, ఆమె పంట మునగాలని తూము అర్ధరాత్రి దాకా తెరిచిపెట్టే ఎత్తులు వేశాను, ఆటలోనే లెండి. మూడో ఏడు ఆమె పేరు మొదటిసారి జాబితాలోకి వచ్చింది. ఆ వారం నుంచి నాకు ఆట రావడం మానేసింది. నాట్లు ఆలస్యంగా వేస్తాను, కోతకొచ్చిన చేను వదిలేసి గట్టు మీద తిరుగుతాను. విచిత్రమేమిటంటే ఆమెకీ అదే వారం నుంచి ఆట రావడం మానేసింది. ఈ సంగతి మేమెప్పుడూ అనుకోలేదు. వెనకాల అధ్యక్షుడు కూర్చుంటే ఎలా అనుకుంటాం? బయట అనుకుందామంటే, వ్యాజ్యం ఉన్నవాళ్లు ఆట గంటలో తప్ప మాట్లాడుకోకూడదు. నడవల్లో కొట్లాటలు రాకుండా పెట్టిన నియమం.

నాకు పన్నెండేళ్లప్పుడు వదిన మా ఇంటికొచ్చింది. నాకు జడేసింది, లెక్కలు చెప్పింది, నన్ను ఏడిపించింది, తనే ఊరుకోబెట్టింది. అన్నయ్య పోయాక నాకు మిగిలింది మంగళవారం ఒక్కటే.

వరసగా ఆరు వాయిదాలు తప్పితే వ్యాజ్యం కొట్టేసినట్టే. మార్పిడి మొదలైన నలభై మూడో రోజుకి ఆరు తప్పుతాయి. నలభై నాలుగో రోజున ఉత్తరపు బండి బయల్దేరుతుంది. బండి వేళ మాత్రం ఈ డోములో ఎప్పుడూ తప్పదు.

నమోదు 22, మంగళవారం

మూడో వాయిదా తప్పింది.

పొద్దున నీళ్ల దగ్గర వరసలో నాకు ముందు వదిన నిలబడింది. వెనక్కి తిరగలేదు. కుళాయితో మాట్లాడింది.

"చూశావుటే కుళాయీ, కొందరు అరవై పేజీలు చదివి అలిసిపోతారు. ఇంకో పేజీ చదివితే కళ్లు పోతాయి కామోసు."

కుళాయికి నేనూ చెప్పాను. "కొందరు పెట్టె చూడగానే లేచిపోతారు. కాసేపు కూర్చుని ఓ మాటైనా తిట్టరు."

వదిన కుండ నిండిపోయి నీళ్లు కిందికి పోతున్నా కట్టలేదు. వరసలో వెనకవాళ్లు గోల పెట్టారు. ఆమె కళ్లలో నీళ్లు చూశాను. నా కళ్లలోవి ఆమె చూసిందో లేదో తెలియదు.

గుమస్తాని కాబట్టి కొత్తగా నేనో ఫిర్యాదు పెట్టడానికీ లేదు. గుమస్తా మీద ఎవరైనా పెట్టొచ్చు, గుమస్తా ఎవరి మీదా పెట్టకూడదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇది గౌరవమని చెప్పారు.

నమోదు 26

పద్నాలుగో పెట్టె దొరికింది. వంటశాలలో, దోసెల పిండి గిన్నె కింద.

పిండి పులిసిన వాసన మా డోములో ఒక్క వంటశాల వైపే వస్తుంది. మిగతా చోట్ల ఈ చలికి ట్యాంకుల్లో తయారైన పిండి పది రోజులున్నా పులవదు. ఇన్నేళ్లూ అది వంటాయన సింహాద్రి చేతి మహిమ అనుకున్నాం. చెయ్యి కాదు, పెట్టె. పాత పెట్టె ఊరికే వెలిగించి ఉంచితే వేడెక్కుతుంది కదా.

"సింహాద్రీ, ఇది ఇన్నేళ్లుగా నీ దగ్గరే ఉందా?"

"ఉంటే ఏటైపోనాదమ్మా? మీ గదిలో ఉంటే మడుసులు కొట్టుకుంటారు. నా కాడుంటే దోసెలు తింటారు. ఏది మంచిదో నువ్వే సెప్పు."

బతిమాలాను. వదిన సంగతి కొంచెం చెప్పాను, అంటే మొత్తం చెప్పాను. ఆయన గిన్నె దించి పక్కన పెట్టాడు.

"పట్టుకెల్లు. సాయంకాలం ఆరు గంటలకి మాత్రం నా పెట్టి నాకొచ్చీయాల. పిండి ఆగదు."

మా సేవ్‌ని మళ్లీ పాత కార్డులోకి పంపి, ఆ కార్డు పెట్టి వెలిగించాను. మీట దగ్గర దోసెల పిండి ఎండి అట్ట కట్టింది. అయినా "రెండు గట్లు" అని తెర మీద వచ్చింది, కాలవ కదిలింది. ఫైలు తెరవలేదు. ఇంత జరిగాక కూడా నియమం తప్పడానికి చెయ్యి రాలేదు, నా బుద్ధి అలాంటిది.

నమోదు 29, మంగళవారం

నాలుగోదీ తప్పింది. కమిటీ మాత్రం కూర్చుంది.

ఒక పెట్టె, రెండొందల పన్నెండు వ్యాజ్యాలు. ఈ ఒక్కటీ చచ్చేలోగా అన్నీ తేలిపోవాలని పానకాలరావు గారు పట్టుబట్టారు. ఒక్కో వ్యాజ్యానికి ఒకే ఒక్క అరగంట. అది ముగిసేసరికి ఎవరి గాదెలో బస్తాలు ఎక్కువుంటే వాళ్లదే గెలుపు. అంతటితో వ్యాజ్యం సమాప్తం.

పెట్టె దొరికింది బాబూ అని పరిగెత్తుకొచ్చింది ఎవరు? నేను. వదిన వ్యాజ్యం మెల్లగా చచ్చేది, నేను తెచ్చి చేతులారా చంపించాను. కమిటీ నాకు కృతజ్ఞతలు తెలిపింది.

నమోదు 36, మంగళవారం

మా అరగంట.

వదిన యాభై ఎనిమిది, నేను యాభై ఏడు. పదకొండేళ్ల సాగు. మొదటి రెండేళ్లలోనే చెరో నలభై నింపిన మనుషులం.

"ఇంకేముంది అమ్మాయ్," అంది వదిన, కంట్రోలర్ పుచ్చుకుని. "ఈ అరగంటా సరిగ్గా ఆడు. నువ్వు ఆడగా చూసి చాలా కాలమైంది."

"నువ్వు ఆడితే నేనూ ఆడతాను."

ఆడింది. బాబోయ్, ఏం ఆట! తూము తెరిచీ తెరవకముందే నారు పీకేసింది. ఎద్దుల్ని పరిగెత్తించింది, వాన మబ్బు కనపడగానే కుప్పల మీద గడ్డి కప్పేసింది. తొమ్మిదేళ్లు గట్టు మీద కూర్చుని ఆవలించిన మనిషి ఈమేనా అనుకున్నాను. నాకూ ఊపొచ్చింది. దాచుకోవడానికి ఇంకేం మిగిలింది? కాలవకి అటు ఆమె, ఇటు నేను, ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకుంటూ, నవ్వుకుంటూ, మోచేతులతో పొడుచుకుంటూ ఆడాం. పానకాలరావు గారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. తర్వాత ఆయన కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

గంట కొట్టేసరికి వదిన డెబ్భై మూడు, నేను డెబ్భై ఐదు.

శుక్రవారం కిటికీ వంతు నాది. వదిన పేరు బండి జాబితాలో ఉంది, పక్కన ఏమీ రాసి లేదు.

వ్యాజ్యం ముగిసింది కనక ఇప్పుడు ఎక్కడైనా మాట్లాడుకోవచ్చు. సాయంత్రం వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను. "రా" అంది. వెళ్లి కూర్చున్నాను. ఆమె సామాను సర్దుతోంది, నేను చూస్తున్నాను. చేతిలో కంట్రోలర్ లేకపోతే ఇద్దరికీ మాట పెగల్లేదు. పావుగంట తర్వాత లేచి వచ్చేశాను.

నమోదు 39, శుక్రవారం

పదకొండేళ్లకి ఆ గంట తెర తీశారు. కూర్చున్నాను. మసక. ఎడమ వైపూ మసకే. పది నిమిషాలకి మెడ నొప్పి పుట్టింది. దీని కోసమా అని నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎంతకీ ఆగక, చివరికి ఏడుపైంది. గంటా పూర్తయ్యేదాకా కూర్చున్నాను. వంతు వదులుకుంటే ఉమ్మడిలో కలిపేస్తారు.

నమోదు 42, సోమవారం

వ్యాజ్యాల గది తెరిచేసరికి గుమ్మం ముందు వదిన నిలబడి ఉంది. చేతిలో ఫిర్యాదు కాగితం. పలకరించలేదు. కాగితం బల్ల మీద పెట్టి, ముద్ర కొట్టమన్నట్టు వేలితో చూపించింది.

"ప్రతివాది ఇందీవర గత తొమ్మిదేళ్లుగా ప్రతి మంగళవారం కావాలనే చేతకానట్టు ఆడి నన్ను మోసం చేసింది. ముప్పై ఆరో రోజున అరగంటలో పద్దెనిమిది బస్తాలు నింపడమే ఇందుకు సాక్ష్యం. అధ్యక్షులవారు స్వయంగా చూశారు. దీనివల్ల నేను పోగొట్టుకున్న తొమ్మిదేళ్ల మంగళవారాలు నాకు తిరిగి ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. రత్నావళి."

పోగొట్టుకుందట! ఆ అరగంటలో తను నింపిన పదిహేను బస్తాల ఊసే లేదు. ఇలాంటి మనిషితో పదకొండేళ్లు వేగాను.

పానకాలరావు గారిని గదికి పిలుచుకొచ్చి కాగితం చూపించాను. బండి వెళ్లే రెండు రోజుల ముందు ఇదేమిటని కసురుకుంటారనుకున్నాను. ఆయన మొహం వెలిగింది. మూడు కొత్త పెట్టెలు ఒక్క వ్యాజ్యమైనా లేక పడి ఉన్నాయని ఆయనకి లోలోపల బెంగగా ఉందట. కొత్త పెట్టెలో, దాంతో వచ్చిన కొత్త ఆటతో మొదటి వ్యాజ్యం. ప్రారంభోత్సవం చేద్దామన్నారు. ఆ కొత్త ఆట వివరాలు నేను ఈసారి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. దానికి ముగింపంటూ లేదు, ఎంతకాలమైనా ఆడుకోవచ్చని ఉంది. ఆయన అంతదాకా చదవలేదు, నేనూ చెప్పలేదు.

"అయితే నువ్వు ముందు జవాబు రాయాలి కదమ్మా. నేరం ఒప్పుకుంటే ఇక్కడితో సరి, ఆడే పనే లేదు. ఉన్నమాట చెప్పు. తొమ్మిదేళ్లూ కావాలనే ఓడిపోయావా?"

వదిన గుమ్మం దగ్గరే నిలబడి, తలుపు బందుల కేసి ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

"లేదండీ," అన్నాను. "నాకు ఆట రాదు."

"మరి మొన్న నేను కళ్లారా చూశానే?"

"గుడ్డి అదృష్టమండీ. మళ్లీ ఆడమంటే ఆడలేను."

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఈ గదిలో నేనాడిన మొదటి అబద్ధం. కమిటీ పుస్తకంలో రాసినవి అబద్ధాల్లోకి రావు. జవాబు కాగితం మీద "ఆరోపణ పూర్తిగా అసత్యం, వాది నన్ను అన్యాయంగా వేధిస్తోంది" అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. వదిన అది రెండుసార్లు చదువుకుంది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. భుజాలు కదులుతున్నాయి.

ఉత్తరపు బండి జాబితా తీసి, రత్నావళి పేరు పక్కన "వ్యాజ్యం ఉంది" అని రాసి, ఆ పేరు నేనే కొట్టేశాను. మొదటి వాయిదా రేపు మంగళవారం, తొమ్మిది గంటలకి. అప్పటిదాకా మేం మాట్లాడుకోకూడదు.